ఆ రోజు ఒడిల్ వంతు

పెయిర్‌సెక్,
అక్టోబరు 17, 2019, గురువారం.

ఒడిల్‌కి,

సోలాంజ్ నమస్కరించి రాస్తున్నది. ఉత్తరమంటే ముందు ఇరుపక్కల క్షేమం రాసుకోవాలి. నీ క్షేమం నేను పదకొండేళ్లుగా అడగలేదు. నా సంగతంటావా, తింటున్నాను, పడుకుంటున్నాను, రక్తపోటు మాత్ర వేళకు వేసుకుంటున్నాను. దాన్ని క్షేమం అంటారో లేదో నువ్వే అనుకో. కవరు మీద నా చేతిరాత చూస్తే విప్పకుండా పొయ్యిలో పడేస్తావేమోనని మీ ఫెర్నాండ్ వదిన చేత చిరునామా రాయించాను. మోసమే. ఇంతవరకు చదివావంటే ఆ మోసం పనిచేసిందన్నమాట.

ముందు ఊరి కబుర్లు చెబుతాను. రొట్టెల కొట్టు మూసేశారు. మంగళవారం, శనివారం పక్క ఊరి నుంచి వ్యాను వచ్చి హారను కొడుతుంది, గిన్నెలు కడుగుతున్న చేతులతోనే పరిగెత్తాలి. మీ అమ్మ ఇల్లు కొన్న హాలెండు వాళ్లు మంచివాళ్లే, కాకపోతే కిటికీ తలుపులకు నీలం రంగు వేశారు. మీ పెరట్లో అంజూర చెట్టు రెండేళ్ల కిందట గాలికి పడిపోయింది. కోట గుమ్మం దగ్గర మనం కూర్చునే టిక్కెట్ల గదిలో ఇప్పుడు ఒక యంత్రం ఉంది. కార్డు పెడితే చీటీ ఇస్తుంది, అడిగితే దారి చెప్పదు.

నేను సెప్టెంబరు నెలాఖరున పని నుంచి దిగిపోయాను. మేయరు ఉపన్యాసం చెప్పాడు. బాతు మాంసం డబ్బాలు, వైను సీసాలు పెట్టిన బుట్ట ఇచ్చాడు, దాంతో పాటు చట్రం కట్టించిన ఒక పెద్ద ఫోటో. ఏం ఫోటో అనుకున్నావు? మన కోటదే. వంటింటి కిటికీ తీస్తే కనిపించేదాన్ని ఫోటో తీయించి ఇచ్చారు ఒడిల్. వెనక నుంచి యూగెత్, అదే, రొట్టెల కొట్టు యూగెత్, దీన్ని కిటికీకి అడ్డంగా తగిలించుకోవే, పొగమంచు రోజున కూడా కోట కనిపిస్తుంది అంది. అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి నేనూ నవ్వాను.

ఇలా నవ్వడం నాకు బాగా అలవాటైంది. పన్ను పీకించుకుని వచ్చిన రోజు చెంప ఎలా ఉంటుందో తెలుసు కదా. నాలుక కరుచుకున్నా తెలియదు, రక్తం చూసుకుంటే తప్ప. మా ఆయన మార్సో పోయినప్పటి నుంచి నేను ఒళ్లంతా ఆ చెంపలాగే ఉన్నాను. వచ్చినవాళ్లకు కోట చూపిస్తుంటే నా మాట నాకే ఎక్కడి నుంచో వినిపించేది. ముట్టడి రోజుల్లో బావి ఎండిపోయిన కథ చెప్పే చోట ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. నేను రైళ్ల వేళలు చదివినట్టు చదివేదాన్ని. మీరెంత బాగా చెప్పారో, మీ గుండె ఎంత మెత్తనిదో అని చేతులు పట్టుకునేవారు. ఆ చేతుల వేడి కూడా నాకు అందేది కాదు.

సరే, ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన వారం మన ఊరి పెద్దవాళ్ల క్లబ్బు మూడు రోజుల యాత్ర పెట్టింది. ఏం చూడటానికో తెలుసా? కోటలు, పాత ఊళ్లు. ఇరవై ఏడేళ్లు కోట చూపించినదాన్ని కోటలు చూడటానికి రమ్మని యూగెత్ నా పేరు రాసేసింది. నేను రానన్నాను. దానికి యూగెత్, ఇన్నేళ్లూ ఊరందరం నీ నోట రాళ్ల కథలు విన్నాం, మూడు రోజులు నువ్వు నోరు మూసుకుని ఇంకొకరి నోట విను, చచ్చిపోవులే అంది. కాదనడానికి ఓపిక కావాలి. అవుననడానికి అక్కర్లేదు. అందుకని వెళ్లాను.

మొదటి రోజు మినెర్వ్. ఇరుకు సందుల్లో పందొమ్మిది మంది ముసలివాళ్లం, చేతికర్రల చప్పుడు. అక్కడి గైడు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ముప్పై ఏళ్ల పిల్ల. ఎనిమిది వందల ఏళ్ల కిందట మతం మార్చుకోమంటే కాదని మంటల్లోకి నడిచి వెళ్లిన నూట నలభై మంది గురించి చెబుతూ, ఆ మాటకు ముందు ఒక్క ఊపిరి ఆగింది. నాకు తెలిసిపోయింది, అది నేర్చుకున్న ఆగడం. మనిద్దరం బావి దగ్గర అలాగే ఆగేవాళ్లం కదా. నువ్వు ఆగితే జనం కూడా ఊపిరి బిగబట్టేవారు. నేను ఆగితే ఎవరో ఒకరు దగ్గేవారు. రిటైరైన పోస్టుమాన్ ఆన్సెల్మ్ నా మోచెయ్యి పొడిచి, ఏమమ్మా సోలాంజ్, పరీక్ష కాగితాలు దిద్దే టీచరులా చూడకు, ఆ పిల్ల తడబడుతోంది అన్నాడు. ఆయనకు ఇప్పుడు ఎనభై ఒకటి. మోకాళ్లు పోయాయి గానీ నోరు అలాగే ఉంది.

రెండో రోజు పొద్దున లగ్రాస్. సంత రోజు. పాత రాతి స్తంభాల మండపం కింద పుట్టగొడుగులు, చెస్ట్‌నట్లు, మేక జున్ను. యూగెత్ జున్ను బేరమాడుతుంటే నేను ఊరికే నడుస్తున్నాను. తేనె సీసాల బల్ల వెనక నుంచి ఒకావిడ నన్ను చూసి చేతిలోని గుడ్డ కింద పెట్టింది. ఫెర్నాండ్. నేను గుర్తుపట్టలేదు, తనే పట్టింది. నువ్వా, నా దగ్గర తేనె కొనడానికి కూడా వచ్చావూ అంది. నేను కొనడానికి రాలేదన్నాను. మరెందుకొచ్చావు, మిగిలిందేమైనా ఉందేమో చూసుకుని పోవడానికా అంది. పక్క బల్లవాడు తలతిప్పి చూశాడు. నాకు సిగ్గు వేయలేదు, కోపం రాలేదు. ఒడిల్ ఎలా ఉంది అని అడిగాను. పదకొండేళ్ల తరువాత అడిగిన ఆ మాట, ధర అడిగినట్టే వచ్చింది నా నోట్లోంచి.

ఫెర్నాండ్ కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. తరువాత చెప్పింది. నువ్వు అల్బిలో ముసలివాళ్ల ఆశ్రమంలో బట్టలు ఉతికే చోట పనిచేస్తున్నావట. దుప్పట్లు మడతపెట్టడంలో నీ అంత నిదానం ఎవరికీ లేదట. గాలి వీచే రోజున ఇంటి తలుపు గడియ వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చూసుకుంటావట. ఒక్కోసారి మూడుసార్లు. పనికి ఆలస్యమై చీవాట్లు తింటావట.

అంతటితో ఆపుతుందేమో అనుకున్నాను. ఆపలేదు. ఆవిడ చెప్పినది చెప్పినట్టే రాస్తాను. మొదటి రెండేళ్లు, వదినా, నేను మెట్లకు గొలుసు పెట్టాను, నా చేత్తో పెట్టాను అనేది. ఆ తరువాత, పెట్టాననే అనుకుంటున్నాను వదినా అనేది. పోయిన క్రిస్మస్‌కు మా ఇంట్లో భోజనం చేస్తూ చేస్తూ చెంచా కింద పెట్టి, పెట్టలేదేమో వదినా, అందరూ అంటున్నారంటే పెట్టి ఉండను, మార్సోని నేనే చంపానేమో అంది. పండగ పూట, పిల్లల ముందు. ఇది విన్నావుగా, ఇక వెళ్లి నీ జున్ను కొనుక్కో.

ఫెర్నాండ్ ఇంకేదో అంటోంది. నేను ఒక తేనె సీసా తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. డబ్బిస్తే తీసుకోలేదు, సీసా వెనక్కి కూడా తీసుకోలేదు. కవరు కొనుక్కొచ్చి చిరునామా రాసివ్వమన్నాను. ఏం రాస్తావే దానికి అంది. తెలియదన్నాను. నా మొహంలో ఏం చూసిందో, రాసిచ్చింది.

నీకు తెలిసినదే అయినా ఆ రోజు సంగతి ఇక్కడ ఒకసారి రాయాలి. ఇన్నేళ్లలో మనిద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు కదా. 2008 ఏప్రిల్. సెర్స్, మన పడమటి ఈదురుగాలి, తెల్లవారుజాము నుంచి వీస్తోంది. గాలి రోజుల్లో బురుజు మెట్లకు గొలుసు అడ్డం పెట్టి మూసేయాలి. వంతులు రాసిన కాగితం టిక్కెట్ల గది గోడకు ఉండేది. ఆ రోజు ఒడిల్ వంతు అని అందులో ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు మార్సో బురుజు పైనుంచి పడిపోయాడు. నువ్వు అప్పుడు కింద ఊళ్లో, చర్చి దగ్గర బడిపిల్లల బృందంతో ఉన్నావు. మార్సో ఎందుకెక్కాడన్నదానికి ఊరు తన జవాబు తను చెప్పుకుంది. తాపీమేస్త్రీ కదా, పిట్టగోడ పగులు చూడటానికి ఎక్కి ఉంటాడన్నారు.

పోలీసు అధికారి నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు. మీరు వెళ్లేసరికి గొలుసు ఉందా అన్నాడు. లేదన్నాను. ఇవాళ గొలుసు పెట్టాల్సింది ఎవరు అన్నాడు. ఒడిల్ వంతు అన్నాను. ఆయన రాసుకుని, టోపీ తీసి, మీ భర్త విషయంలో చాలా విచారిస్తున్నాను మదామ్ అన్నాడు. అంతే. నెల తిరిగేసరికి నీ ఉద్యోగం పోయింది. జూన్‌లో నువ్వు ఊరు వదిలావు.

వెళ్లేముందు మా ఇంటికి వచ్చావు. గుమ్మంలోనే నిలబడి, సోలాంజ్, ఊరంతా నమ్మకపోనీ, నువ్వు నమ్ము, నేను పెట్టాను అన్నావు. నీ కోటు బొత్తాలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని ఉన్నావు. నాకు తలనొప్పిగా ఉంది, తరువాత మాట్లాడదాం అని తలుపు వేశాను. నిజంగానే తలనొప్పిగా ఉండింది.

రాయడం ఇక్కడ ఆపి వంకాయలు పొయ్యి మీద పెట్టి వచ్చాను. అవి మాడాయి. పర్లేదు.

మూడో రోజు సంగతి చెబుతాను. నవ్వొచ్చే కథే. పుయిమోరెల్ అని చిన్న కోట. నాలుగు గోడలు, ఒక చర్చి, కింద పన్నెండు ఇళ్లు. అది చూసుకుని భోజనానికి వెళ్లాలి. చిక్కుడు గింజలు, మాంసం వేసి కాసులే వండించామని, చల్లారితే బాగుండదని డ్రైవరు గిల్లెమ్ తొందరపెట్టాడు. అందరూ ఎక్కారా అని అరిచాడు. ఎక్కారు పోనీ అని ముందు సీటులోంచి ఆన్సెల్మ్ అన్నాడు. బస్సు కదిలింది. అరగంట పోయాక చూస్తే యూగెత్ లేదు.

వెనక్కి తిప్పారు. కోట తలుపుకు తాళం వేసి ఉంది. లోపల నుంచి యూగెత్ తిట్లు గోడ దాటి వస్తున్నాయి. చర్చి వెనక కూర్చుని చెప్పులోంచి గులకరాయి తీసుకుంటుండగా తాళం పడిందట. తాళాలు ఉండేది టిక్కెట్లమ్మే ఆవిడ దగ్గర, యాభై ఏళ్ల మనిషి, పక్క ఇంట్లో భోజనానికి కూర్చుని ఉంది. నోట్లో ముద్దతోనే పరుగెత్తుకొచ్చింది. గిల్లెమ్ ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. లోపల మనిషి ఉందో లేదో చూసుకోకుండా తాళం వేస్తావా, ముసలావిడ గుండె ఆగిపోతే ఎవరిది పూచీ, మీ ఊరి మేయరుకు రాసి నీ ఉద్యోగం తీయిస్తాను అన్నాడు. ఆవిడ తాళంచెవి అటూ ఇటూ తిప్పి పెడుతోంది, రంధ్రంలో దిగడం లేదు. నేను చూశాను సార్, అందరూ బస్సెక్కారని చెప్పారు సార్, ఎవరు చెప్పారో గుర్తు రావడం లేదు, నేనే సరిగా వినలేదేమో అంది.

నేనే సరిగా వినలేదేమో అన్న ఆ మాట దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి.

ఆన్సెల్మ్ బస్సు మెట్లు పక్కకు తిరిగి ఒక్కొక్కటే దిగి వచ్చాడు. టోపీ తీశాడు. ఆగవయ్యా గిల్లెమ్, ఆవిడను వదిలెయ్, చెప్పింది నేను అన్నాడు. ఆవిడ వచ్చి అందరూ ఎక్కారా అని అడిగింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మెడ తిప్పితే నొప్పి. ఆకలిగా ఉంది. ఎక్కారన్నాను. నీకూ అదే చెప్పాను. తప్పు నాది అన్నాడు.

అంతే ఒడిల్. ఆ మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో ఊహించు. ఆకాశం విరిగి పడలేదు. గిల్లెమ్ ఏదో గొణిగి ఊరుకున్నాడు. తాళం తెరుచుకుంది. టిక్కెట్లావిడ గోడకు చేరగిలి ఏడ్చింది. యూగెత్ బయటికి వచ్చి, సంగతి విని, ఓరి ముసలి గాడిదా, నలభై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచావు, ఒక మనిషిని లెక్కపెట్టడం రాలేదా నీకు అంది. ఆన్సెల్మ్ టోపీ చేతుల్లో తిప్పుతూ తల దించుకున్నాడు. తరువాత బస్సులో చూస్తే ఆవిడే పోయి ఆయన పక్క సీటులో కూర్చుంది. సాయంత్రానికి ఇద్దరూ ఒకే సాసేజీ కోసుకుని తింటున్నారు.

ఆ మధ్యాహ్నం కాసులే బాగుందని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అందులో ఉప్పుందో లేదో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. నిన్న పొద్దున పోస్టాఫీసుకు నడిచి వెళ్లొచ్చాను. ఇవాళ నీకు రాస్తున్నాను. నీకు కోపం ఉంటే ఉండనీ. నిన్ను క్షమించమని అడగడానికి ముందు ఏం క్షమించాలో చెప్పాలి కదా. ఈ నాలుగు కాగితాల్లోనూ ఆ మాట చుట్టూ తిరిగాను, మెట్లెక్కలేని వాడు కోట చుట్టూ తిరిగినట్టు.

ఆరోగ్యం జాగ్రత్త. అల్బిలో చలి ముందే మొదలవుతుంది, ఉతికే చోట తడి చేతులతో గాలిలోకి రాకు.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
సోలాంజ్

తా.క. సంతకం పెట్టి కవరులో పెట్టి, మళ్లీ బయటికి తీశాను. శుక్రవారం పొద్దున ఇది రాస్తున్నాను.

ఆ రోజు పదకొండున్నరకు బురుజు మీది జెండా గాలికి చిరిగి కొట్టుకుంటోంది. పూర్తిగా చిరిగిపోతే కొత్తదానికి ఏడాది పడుతుందని దింపడానికి వెళ్లాను. గొలుసు అడ్డంగా ఉంది. నేను విప్పాను. పైకెక్కి జెండా దింపాను. దిగుతుంటే టిక్కెట్ల గదిలో ఫోను మోగింది. జెండా చంకలో పెట్టుకుని పరుగెత్తాను. గొలుసు మెట్ల మీదే ఉండిపోయింది. ఫోనులో ఎవరో వేసవిలో ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగారు. చెప్పాను. తరువాత ఆ జెండా మడతపెడుతూ కూర్చున్నాను.

మార్సో నాకు భోజనం తెచ్చాడు. పగులు చూడటానికి ఎక్కలేదు. ముంగిట్లో ఉన్న బెల్జియం కుటుంబాన్ని నా భార్య ఎక్కడుంది అని అడిగాడు. వాళ్లు నేను బురుజెక్కడం చూశారు గానీ దిగడం చూడలేదు. పైన ఉందని వేలు చూపించారు. గొలుసు తీసి ఉంది కాబట్టి ఆయనా అదే అనుకున్నాడు. ఇంత గాలిలో ఆవిడకేం పని అని విసుక్కుంటూ, నన్ను కిందికి తీసుకురావడానికి ఎక్కాడు. ఇది ఆ బెల్జియం ఆవిడ ఆ సాయంత్రమే నా రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.

పోలీసు అధికారికి నేను చెప్పిన రెండు మాటలూ నిజాలే. మూడోది చెప్పలేదు. చెబితే మార్సో నా వల్ల పోయాడని నేను వినాల్సి వచ్చేది. నీ వల్ల పోయాడని ఊరు అంటుంటే విని ఊరుకోవడం తేలికైంది. మొదటి రోజు తేలిక, రెండో రోజు అలవాటు.

ఇదంతా రాసి సంతకం చేసి మేయరుకు ఒకటి, పోలీసు స్టేషనుకు ఒకటి బుధవారమే రిజిస్టరు పోస్టులో పంపాను. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. నువ్వు జవాబు రాసినా రాయకపోయినా అది ఆగదు. యూగెత్‌కు నోటితో చెప్పాను. ఆవిడ తాగుతున్న కాఫీ అక్కడే వదిలేసి లేచింది. తరువాత తన కోటు తీసుకుని వెళ్లిపోయింది. ఇది రాస్తే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. అది నీకు చెప్పాల్సిన సంగతి కాదు, అయినా చెబుతున్నాను.

నీకు చెప్పాల్సింది ఒక్కటే, ఇంకెప్పుడైనా అనుమానం వస్తే ఈ కాగితం తీసి చదువుకో. ఆ రోజు పది గంటలకు నువ్వు గొలుసు పెట్టావు. కొక్కెం పట్టుకుని రెండుసార్లు లాగి చూశావు. మెట్ల కింద నిలబడి నేను చూస్తున్నాను.